సర్ హంఫ్రీ డేవీ: లోహక్షయమును పరిశోధించిన శాస్త్రజ్ఞుడు

లోహము దృఢమైనదని మనమందరము తలంతుము. అయినను, మన గృహములలోని వస్తువులే ఆ తలంపు పూర్తిగా నిజము కాదని చెప్పుచున్నవి. చింతపండుతో తోమిన రాగిచెంబు నాలుగు దినములు ఊరక యుంచినచో కాంతి తప్పి నల్లబడును. మరికొన్నాళ్లకు దానిపై ఆకుపచ్చని చిలుము పుట్టును. వర్షమున విడిచిన గునపము ఎఱ్ఱని త్రుప్పు పట్టి పొరలు పొరలుగా రాలును. ఈ క్షయము చప్పుడు చేయదు, వాసన కొట్టదు, ఒక్క దినములో కంటికి కనబడదు. కావుననే అది మిక్కిలి అపాయకరమైనది. వంతెనలు, ఓడలు, నీటిగొట్టములు, ఆవిరిబొయిలర్లు, ఇవన్నియు ఈ మౌనశత్రువు వాతబడినవే. ఈ శత్రువు విద్యుచ్ఛక్తికి చుట్టమని గ్రహించి, దానిని అదే శక్తితో అడ్డగింప యత్నించిన మహాశాస్త్రజ్ఞుడు సర్ హంఫ్రీ డేవీ. ఆయన జీవితమును, అందు ముఖ్యముగా ఆయన గెలిచియు ఓడిన ఒక గొప్ప ప్రయత్నమును, మా విద్యార్థుల కొఱకు ఇచట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

హంఫ్రీ డేవీ 1778వ సంవత్సరము డిసెంబరు 17వ తేదీన ఇంగ్లండు దేశపు నైరృతి కొనయందలి కార్న్‌వాల్ సీమలో, పెన్‌జాన్స్ అను రేవుపట్టణమున జన్మించెను. తండ్రి రాబర్టు కొయ్యచెక్కడపు పనివాడు. ఆ సీమ తగరపు గనులకును రాగి గనులకును ప్రసిద్ధి కెక్కినది. ఒకవైపు సముద్రము, మరియొకవైపు లోహము. ఈ రెంటి నడుమ ఆ బాలుడు పెరిగెను. బడిలో అతడు అసాధారణుడని పేరు పొందలేదు గాని, తోడి బాలురకు కథలు చెప్పుటయందును, పద్యములల్లుటయందును, ఏటిలో చేపలు పట్టుటయందును మిక్కిలి ఆసక్తి గలవాడు. 1794లో తండ్రి అప్పులు మిగిల్చి మరణించెను. అయిదుగురు బిడ్డలలో పెద్దవాడైన హంఫ్రీకి అప్పటికి పదునారేండ్లు. తల్లి గ్రేస్ ధైర్యము విడువక సంసారభారమును వహించెను. మరుసటి సంవత్సరము అతడు బోర్లేస్ అను శస్త్రవైద్యునియొద్ద శిష్యుడుగా చేర్పబడెను.

తండ్రి మరణము ఆ యువకుని మనస్సును మార్చివేసెను. తాను నేర్వవలసిన శాస్త్రములకును భాషలకును ఒక పట్టిక వ్రాసికొని, దాని ప్రకారము తనకు తానే గురువై చదువసాగెను. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడైన లవోయిజియే రచించిన రసాయనశాస్త్ర గ్రంథము చేతికి వచ్చినప్పుడు, దానిని చదువుటతో తృప్తి చెందక, అందు చెప్పిన సంగతులు నిజమో కాదో చూడవలెనని వైద్యుని మందుల గదిలోని గిన్నెలతోను, సీసాలతోను ప్రయోగములు మొదలుపెట్టెను. మంచి పరికరము లేకపోవుట అతని కొక ఆటంకము కాలేదు. చేతి కందిన దానితో ప్రకృతిని ప్రశ్నించుట అతనికి అప్పటినుండియే అలవాటయ్యెను.

1798లో బ్రిస్టల్ నగరమున డాక్టరు బెడోస్ అనునతడు వివిధ వాయువులచే రోగములు కుదుర్చవచ్చునేమో పరిశోధించుటకు ఒక సంస్థను నెలకొల్పుచుండెను. పందొమ్మిదేండ్ల డేవీ అందు ప్రయోగముల పెత్తనము వహించెను. అచటనే నవ్వు పుట్టించు వాయువని లోకము పిలుచు నైట్రస్ ఆక్సైడును తాను స్వయముగా పీల్చి దాని గుణములను వర్ణించెను. ఆ వాయువు నొప్పిని తగ్గించుచున్నదనియు, శస్త్రచికిత్సలయందు ఉపయోగింపవచ్చుననియు 1800లో ప్రకటించిన గ్రంథమున సూచించెను. ఆ సూచనను నాడెవ్వరును చేపట్టలేదు. నాలుగు దశాబ్దములు గడచిన పిమ్మట గాని వైద్యులు ఆ మార్గమున నడువలేదు. మరికొన్ని ప్రమాదకరమైన వాయువులను పీల్చి ఆయన ప్రాణాపాయమును కూడ తెచ్చుకొనెను. ఉత్సాహము ఆయన బలము; తొందరపాటు ఆయన బలహీనత. ఈ రెండును ఆయన జీవితమంతటను జంటగానే నడచినవి.

ఆ 1800వ సంవత్సరముననే ఇటలీ దేశస్థుడైన వోల్టా ఒక క్రొత్త సాధనమును లోకమునకు తెలియజేసెను. రెండు విధములైన లోహపు బిళ్లలను ఒకదానిపై నొకటి పేర్చి, వాని నడుమ ఉప్పునీటిలో తడిపిన అట్టముక్కల నుంచినచో విద్యుత్ప్రవాహము ఎడతెగక పుట్టుచుండెను. డేవీ దీని యంతరార్థమును శీఘ్రముగా గ్రహించెను. రెండు లోహములును తడి ఉప్పును కలిసిన చోట విద్యుత్తు పుట్టుచున్నదనిన, ఆ లోహములలో ఒకటి కరగుచుండుటయు, విద్యుత్తు పుట్టుటయు ఒకే కార్యమునకు రెండు ముఖములని ఆయనకు తోచెను. ఈ భావమే పిమ్మట ఆయన కీర్తికంతటికిని మూలమయ్యెను.

1801లో లండను నగరమందలి రాయల్ ఇన్‌స్టిట్యూషనుకు ఆయన ఆహ్వానింపబడెను. ఆయన ఉపన్యాసముల నాలకించుటకు స్త్రీపురుషులు గుంపులు గుంపులుగా వచ్చెడివారు. 1806లో రాయల్ సొసైటీ యెదుట విద్యుత్తునకును రసాయన క్రియలకును గల సంబంధమును గూర్చి ఒక గొప్ప వ్యాసము చదివెను. ఇంగ్లండునకును ఫ్రాన్సునకును ఘోరయుద్ధము జరుగుచున్న దినములలో, ఆ వ్యాసమును మెచ్చి ఫ్రెంచి పండితసభ ఆయనకు బహుమానము ప్రకటించెను. 1807లో కరగిన పొటాషు ద్వారా బలమైన విద్యుత్తును ప్రసరింపజేసి పొటాసియమును, కొలది దినములకే అట్టి రీతిని సోడియమును వేరుచేసెను. మరుసటి సంవత్సరము కాల్షియము, బేరియము, స్ట్రాన్షియము, మెగ్నీషియము అను లోహములను బయల్పరచెను. అంతకు ముందెవ్వరును కన్నుల చూడని లోహములను ఆయన ఒక్కరే ఇన్నింటిని చూపెను.

1812లో ప్రభుత్వము ఆయనకు సర్ అను బిరుదము నొసగెను. ఆ సంవత్సరముననే ఆయన వివాహము చేసికొనెను. ప్రేలుడు పదార్థముతో ప్రయోగము చేయుచు కన్నులకు దెబ్బ తగిలించుకొనుటయు ఆ యేడే జరిగెను. పుస్తకములకు అట్టలు కట్టువానియొద్ద పని నేర్చిన మైకేల్ ఫారడే అను బీద యువకుడు డేవీ ఉపన్యాసములను నాలుగింటిని విని, వానిని చక్కగా వ్రాసి, పుస్తకముగా కట్టి ఆయనకు పంపెను. 1813లో డేవీ అతనిని సహాయకునిగా చేర్చుకొనెను. కాలక్రమమున ఆ శిష్యుడు గురువును మించిన వాడయ్యెను. 1824లో ఫారడే రాయల్ సొసైటీ సభ్యుడగుటకు డేవీ సుముఖుడు కాకపోయెనను సంగతి ఆయన చరిత్రకు ఒక మచ్చ. గొప్పవారి జీవితము చదువునప్పుడు వారి మచ్చలను దాచుట చదువరులకు మేలు చేయదని మా అభిప్రాయము.

ఓడల సంగతికి పూర్వము డేవీ నిర్మించిన దీపమును గూర్చి కొంత చెప్పవలెను. ఏలయనగా ఒకదాని గుణము రెండవదాని లోపమును మనకు తెలియజేయును. ఆ కాలమున బొగ్గుగనులలో పనివారు తెరచిన దీపములతో దిగెడివారు. రాతిపగుళ్లనుండి వెలువడు మండెడి వాయువు ఆ మంటకు తగిలి ప్రేలుచుండెను. 1812 మే నెలలో ఉత్తర ఇంగ్లండునందలి ఫెల్లింగ్ గనిలో అట్టి ప్రేలుడు వలన 92 మంది మరణించిరి. వారిలో బాలురును గలరు. ఈ దుఃఖమును చూచినవారు డేవీని వేడగా, 1815లో ఆయన కొద్ది వారములలోనే ఒక ఉపాయము కనుగొనెను. సన్నని తీగెలతో నేసిన వలను మంటచుట్టు అమర్చినచో, మంట వేడిని ఆ వల హరించును గనుక, లోపలి జ్వాల వెలుపలి వాయువునకు అంటుకొనదు. ఆ దీపముపై తనకు సర్వహక్కులు కావలెనని కోరక, ధనము నాశింపక, ఆయన దానిని లోకమున కిచ్చివేసెను. దీపమును నమ్మి యజమానులు మఱింత ప్రమాదకరమైన లోతులలో పని చేయించుటచేత ప్రేలుళ్లు పూర్తిగా ఆగలేదన్న మాటయు నిజమే.

ఆ దీపమున రెండవ గుణ మొకటి కలదు. గనిలో మండెడి వాయువు కూడినప్పుడు లోపలి జ్వాల పొడవై, దానిపై నీలిరంగు టోపివంటి కాంతి కనబడును. ఊపిరి సలుపని చెడుగాలి నిండినప్పుడు జ్వాల సన్నగిలి ఆరిపోవును. పనివాడు దీపమును చూచి అపాయమును ముందే తెలిసికొని వెనుకకు మరలును. అనగా ఆ దీపము కాపాడుటయే గాక, తెలియజెప్పుట కూడ చేయుచుండెను. కాపాడునదియు, తెలియజెప్పునదియు ఒక్క చేతిలో నుండుటయే దాని గొప్పతనము. ఈ సంగతిని చదువరులు జ్ఞాపకముంచుకొందురు గాక.

1820లో డేవీ రాయల్ సొసైటీకి అధ్యక్షుడయ్యెను. 1823 ప్రాంతమున నౌకాశాఖవారు ఆ సభకు ఒక చిక్కును విన్నవించిరి. ఆ కాలపు ఓడలు కొయ్యతో చేయబడినవి. సముద్రపు పురుగులు కొయ్యను తొలిచివేయుచుండెను. నాచును, గుల్లలును అడుగున పట్టి ఓడ వేగమును హరించుచుండెను. ఈ రెండు బాధలకును మందుగా ఓడ అడుగుభాగమునకు రాగిరేకులు తొడుగుట 18వ శతాబ్దపు ఉత్తరార్ధమున ఆరంభమయ్యెను. 1761లో అలారమ్ అను యుద్ధనౌకకు పరీక్షార్థము అట్లు రేకులు తొడిగిరి. రెండేండ్లకు చూడగా, రాగికి తగిలియున్న ఇనుపమేకులు కుళ్లిపోయియుండెను. ఏ మేకునకును రాగికిని నడుమ గోధుమరంగు కాగితము చిక్కుకొని మిగిలియుండెనో ఆ మేకు మాత్రము చెడక నిలిచియుండెను. నాటి పనివారు దీనిని చూచి ఆశ్చర్యపడిరి గాని దాని కారణము నెఱుగరు. ఇనుమునకు బదులు రాగిమేకులు వాడి ఓడలను కాపాడుకొనిరి.

అయితే రాగియు శాశ్వతము కాదు. ఉప్పునీటిలో అది చిలుము పట్టి, పలుచబడి, కొన్ని ఓడలలో కొద్ది సంవత్సరములకే తూట్లు పడుచుండెను. దేశమున కది గొప్ప వ్యయము. రాగిలో కల్తీ యున్నందుననే చెడుచున్నదని పలువురు అనుకొనిరి. డేవీ రాగిని పరీక్షించి, అతిశుద్ధమైన రాగియు ఉప్పునీటిలో చెడునని చూచెను. నీటిలో కరగియున్న గాలిలోని ప్రాణవాయువు ఈ క్రియకు ముఖ్యకారణమని గ్రహించెను. పిమ్మట ఆయన తన పాత భావమును మరల చేపట్టెను. క్షయము విద్యుత్సంబంధమైన కార్యమైనచో, రాగియొక్క విద్యుత్ స్థితిని కొంచెము మార్చినంత మాత్రమున క్షయమాగవలెను గదా!

దీనిని కొంచెము వివరింతుము. ఉప్పునీటిలో రెండు లోహములు ఒకదానికొకటి తగిలియున్నచో, వానిలో ఒకటి సులభముగా కరగు స్వభావము కలదై యుండును. అది తానే కరగుచు, విద్యుత్తును రెండవదానికి పంపుచుండును. రెండవది ఆ విద్యుత్తు నందుకొని చెడక నిలుచును. రాగికంటె ఇనుమును, ఇనుముకంటె తుత్తునాగమనబడు జింకును సులభముగా కరగునవి. అలారమ్ ఓడలో ఇనుపమేకులు కుళ్లుటకు ఇదియే కారణము. మేకులు తాము నశించి రాగిని కాపాడినవి. నడుమ కాగితమున్న చోట లోహము లోహమునకు తగులలేదు గనుక మేకు బ్రతికెను. అరువదేండ్లకు పూర్వము జనులు ఉపద్రవముగా చూచిన దానినే డేవీ ఉపాయముగా మార్చెను. రాగికి బదులు నశించుటకై ఒక చౌకలోహమును కావలి పెట్టినచో రాగి నిలుచునని ఆయన నిశ్చయించెను.

ప్రయోగశాలలో ఆయన చూచిన ఫలములు అద్భుతముగా నుండెను. బఠానీగింజంత జింకు ముక్కయు, చిన్న ఇనుపమేకు కొనయు నలువది ఏబది చదరపు అంగుళముల రాగిని కాపాడగలిగెను. 1824 జనవరిలో ఈ సంగతులను రాయల్ సొసైటీ యెదుట చదివెను. తరువాత పోర్ట్స్‌మత్ రేవులో ఆటుపోటుల నీటిలో రాగిరేకులను అనేక వారములు వ్రేలాడదీసి పరీక్షించిరి. కొన్నింటికి జింకును, కొన్నింటికి ఇనుమును వేర్వేరు పరిమాణములలో తగిలించిరి. ప్రతి రేకును నీటిలో దింపుటకు ముందు తూచి, పైకి తీసిన పిమ్మట మరల తూచిరి. కావలిలోహపు వైశాల్యము రాగి వైశాల్యములో 40వ వంతు మొదలు సుమారు 100వ వంతు వరకు నున్నప్పుడు రాగి ఏమాత్రము తరుగలేదు. 200వ వంతునకు మించి తగ్గించినకొలది రాగి తరుగుదల హెచ్చుచుండెను. 1000వ వంతు పోతఇనుము సైతము కొంత రాగిని రక్షించెను. ఇట్లు క్షయమును మాటలతో గాక తూనికతో చెప్పుట డేవీ చేసిన గొప్ప మేలు. పోతఇనుము చౌకయైనదియు చాలకాలము నిలుచునదియు గనుక ఓడలకు దానినే ఆయన ఎన్నుకొనెను.

తరువాత నిజమైన ఓడలమీద పరీక్ష సాగెను. అందొకటి మన దేశమునకు సంబంధించినది. సమరాంగ్ అను 28 ఫిరంగుల యుద్ధనౌక మన పడమటి తీరమందలి కొచ్చిరేవులో నిర్మింపబడి 1822లో నీటిలో దింపబడినది. 1824లో దాని అడుగున ముందువైపు రెండును, వెనుకవైపు రెండును ఇనుపదిమ్మలను బిగించి అమెరికాలోని నోవాస్కోషియాకు పంపిరి. 1825 జనవరిలో అది మరలివచ్చినప్పుడు రాగి చక్కగా నిలిచియుండెను. డేవీ సంతోషమునకు మేర లేకపోయెను. 1824 వేసవిలో ఆయన కామెట్ అను ఆవిరి ఓడపై ఉత్తరసముద్రమున పయనించి, ఓడ వేగముగా పోవునప్పుడు కూడ ఈ రక్షణ నిలుచునో లేదో స్వయముగా పరిశీలించెను. నౌకాశాఖవారు అనేక యుద్ధనౌకలకు ఈ కావలిదిమ్మలను అమర్చిరి.

అంతలో ఎదురుచూడని కీడు తలయెత్తెను. రేవులో కదలక నిలిచియున్న ఓడల అడుగున నాచును, గుల్లలును దట్టముగా పట్టెను. రాగి చెడలేదు, కాని ఓడ నడువలేదు. కారణమేమన, చిలుము పట్టి కొంచెము కొంచెముగా కరగు రాగియే ఆ సముద్రజీవులకు విషము. రాగి కరగుట ఆగగానే విషమును ఆగెను. అంతేగాక, కాపాడబడిన రాగిపై సముద్రజలమందలి సున్నము, మెగ్నీషియా పొరగా పేరుకొని, ఆ జీవులు కాలూనుటకు చోటిచ్చెను. రాగిని తొడిగినదే ఓడను శుభ్రముగా నుంచుటకు. రాగి తన్నుతాను కొంత నష్టపరచుకొనినప్పుడే ఆ పని నెరవేరుచుండెను. డేవీ రాగిని రక్షించెను. రాగి చేయవలసిన పనిని మాత్రము ఆపివేసెను. 1820ల దశకము ముగియక ముందే ఆ దిమ్మలను ఓడలనుండి తీసివేయుడని ఉత్తరువులు వెలువడెను. పత్రికలలోను, ఓడరేవులలోను ఆయనను హేళన చేసినవారు పలువురు.

ఈ అవమానము డేవీ మనస్సును మిక్కిలి నొప్పించెను. 1826 అంతమున ఆయనకు పక్షవాతము సోకెను. 1827లో రాయల్ సొసైటీ అధ్యక్షపదవిని విడిచెను. ఆరోగ్యమును వెదకుచు యూరపు ఖండమున తిరుగుచు, చేపలు పట్టుటను గూర్చి ఒక గ్రంథమును, ప్రయాణములను జీవితమును గూర్చిన ఆలోచనలతో మరియొక గ్రంథమును వ్రాసెను. 1829 మే 29వ తేదీన స్విట్జర్లండునందలి జెనీవా నగరమున, ఏబదియొకటవ ఏట నడుచుచుండగా, ఆయన మరణించెను. ఆ నగరముననే సమాధి చేయబడెను.

ఇప్పుడు ఆయన ఓటమికి కారణమేమో శాంతముగా ఆలోచింతము. ఆయన సిద్ధాంతము తప్పా? కాదు, అది నేటికిని నిజమే. ఆయన లెక్క తప్పా? కాదు, రాగి నిజముగానే నిలిచెను. లోపము మరియొక చోట కలదు. గనిపనివాని దీపము ప్రతిక్షణము అతని కన్నులయెదుట నుండి సంగతి తెలియజెప్పుచుండెను. ఓడ అడుగున బిగించిన ఇనుపదిమ్మ నీటిలో మునిగి మౌనముగా నుండెను. రక్షణ ఎక్కువైనదో, తక్కువైనదో, దానివలన మరియేమి జరుగుచున్నదో, ఓడను రేవులో ఆరబెట్టువరకు ఎవ్వరికిని తెలియదు. డేవీ కాపాడు సాధనమును ఇచ్చెను; కనిపెట్టు సాధనమును ఇయ్యలేకపోయెను. నాటి కాలమున అట్టిది నిర్మించుట సులభము కాదు గనుక ఆయనను నిందింపము.

ఆయన నాటిన విత్తనము మాత్రము చావలేదు. కొయ్య ఓడలు పోయి ఇనుప ఓడలును, ఉక్కు ఓడలును వచ్చినప్పుడు, నాచును రంగుపూత చూచుకొనెను. ఉక్కును కాపాడుటకు డేవీ ఉపాయమే మరల పిలువబడెను. నేటికిని ఓడల అడుగున జింకు దిమ్మలను గాని అల్యూమినియము దిమ్మలను గాని బిగించుచున్నారు. అవి కరగిపోగా క్రొత్తవి అమర్తురు. 1928లో అమెరికాలో రాబర్ట్ కూన్ అను ఇంజనీరు న్యూ ఆర్లియన్స్ ప్రాంతమున భూమిలో పాతిన వాయుగొట్టమునకు బయటినుండి విద్యుత్తు నిచ్చి త్రుప్పు నాపెను. ఎంత విద్యుత్తు చాలునో తెలియుటకు ఒక కొలతయు ఆయన నిర్ణయించెను. రాగి, మయిలుతుత్తము గల చిన్న ఘటమును నేలకు తాకించి, దానికిని గొట్టమునకును గల విద్యుద్భేదమును కొలిచినచో, గొట్టము 0.85 వోల్టు ఋణముగా నున్నప్పుడు ఉక్కు క్షేమముగా నుండునని ఆ కొలత. ఇందు డేవీకి లేని కన్ను దొరకినది. రక్షణ చాలినదో లేదో గొట్టమును త్రవ్వకయే తెలిసికొనవచ్చును.

ఇట్లు లోహక్షయమును పసికట్టు సాధనములకు నేడు సెన్సరులని పేరు. వానిలో ముఖ్యమైనవి మూడు విధములు. మొదటిది మిక్కిలి పాతది: గొట్టములో గాని తొట్టిలో గాని తూచిన లోహపుముక్కను వ్రేలాడదీసి, కొన్ని నెలలకు తీసి మరల తూచుట. పోర్ట్స్‌మత్ రేవులో చేసినది ఇదియే. రెండవది: ఒక సన్నని లోహపుతీగెను ఆ ద్రవములోనే యుంచి, దాని గుండ విద్యుత్తును పంపుట. కాలువ సన్నగిలినకొలది నీటి పారుదలకు ఆటంకము హెచ్చునట్లు, తీగె త్రుప్పుపట్టి సన్నబడినకొలది విద్యుత్తునకు ఆటంకము హెచ్చును. ఆ హెచ్చును కొలిచి ఎంత లోహము పోయినదో లెక్కింతురు. మూడవది: లోహముయొక్క విద్యుత్ స్థితినే కొలుచుట. పెద్ద ఓడలలో ఇట్టి సెన్సరు ఓడ అడుగునుండి ఎడతెగక వార్త పంపుచుండును. యంత్రము ఆ వార్త ననుసరించి రక్షకవిద్యుత్తును హెచ్చించుచు తగ్గించుచు నుండును. సిమెంటు కాంక్రీటులోని ఇనుపకమ్ములకును ఇట్టి సాధనములను కట్టడము కట్టునప్పుడే లోపల పొదుగుట కలదు.

ఇవి వట్టి విలాసములు కావు. 1967 డిసెంబరు 15వ తేదీన అమెరికాలో ఒహాయో నదిపై నున్న సిల్వర్ బ్రిడ్జి అను వంతెన, బండ్లతో నిండియున్న సాయంకాలవేళ, ఒక్క నిమిషము లోపల కూలిపోయెను. 46 మంది మరణించిరి. పరిశోధకులు నదినుండి లోహపుముక్కలను వెలికితీసి చూడగా, వంతెనను మోయు ఒక కమ్మికన్ను లోపలివైపున సుమారు 2.5 మిల్లీమీటర్ల లోతుగల పగులు కనబడెను. నలువది సంవత్సరముల పాటు క్షయమును, బరువును కలిసి ఆ పగులును పెంచినవి. ఆ చోటు కీలులో దాగియున్నందున, విప్పిననే గాని కంటికి కనబడదు. వంతెన పైకి బలముగానే తోచెను. వెలుపలి రూపమును చూచి లోపలి క్షేమమును నమ్మరాదని ఆ నలువది ఆరు ప్రాణములు లోకమునకు నేర్పినవి. ఆ పిమ్మట ఆ దేశమున వంతెనల పరీక్షకు కట్టుదిట్టమైన నిబంధనలు ఏర్పడెను.

మా పాఠశాల విద్యార్థులు డేవీ ప్రయోగమును ఇంటనే చేసి చూడవచ్చును. ఒకే విధమైన ఇనుపమేకులను మూడింటిని శుభ్రముగా రుద్ది, ఒక్కొక్కదానిని తూచి వ్రాసికొనవలెను. ఒక మేకును ఒంటరిగా, రెండవదానిని రాగితీగె చుట్టి, మూడవదానిని జింకు రేకుముక్క చుట్టి, మూడు గాజు గ్లాసులలోని ఉప్పునీటిలో ఉంచవలెను. వారము దినములు ప్రతిదినము ఒకే వేళకు చూచి, కనబడినది వ్రాయవలెను. రాగి చుట్టిన మేకు అన్నింటికంటె శీఘ్రముగా త్రుప్పుపట్టును. జింకు చుట్టినది చాలవరకు నిలుచును. జింకు మాత్రము తెల్లబడి కరగును. తుదకు మేకులను కడిగి, ఆరబెట్టి, మరల తూచినచో, కన్ను చెప్పినదానిని త్రాసు దృఢపరచును. తలిదండ్రులు ఈ పనికి నాలుగు గ్లాసులైనను, కొంత ఓపికయైనను పిల్లలకు దయచేయుదురని ఆశించుచున్నాము. ఒకటి విరిగినచో నాలుగవది యుండునుగదా!

బాలబాలికలారా! డేవీ జీవితమునుండి మనము నేర్చుకొనదగినవి పెక్కులు కలవు. బీదతనము విద్యకు అడ్డు కాదనుట యొకటి. కనుగొన్న మేలును ధనమునకు అమ్మక పరులకిచ్చుట యొకటి. తనకంటె చిన్నవాని వృద్ధిని చూచి ఓర్వలేకపోవుట గొప్పవానికిని తగదనుట మరియొకటి. అయితే ఈ చరిత్రమున మాకు ముఖ్యముగా తోచునది వేరు. ఒక మంచిపనిని చేసి, అది మంచిగానే సాగుచున్నదని తలచి వెనుదిరిగిపోవుట చాలదు. చేసిన పనియొద్ద నిలిచి, అది ఏ ఫలము నిచ్చుచున్నదో, ఎవరికి మేలో, ఎవరికి కీడో, దినదినము పరీక్షించుచుండవలెను. ఓడ అడుగున ఇనుమును కావలి పెట్టిన డేవీ కొరతను, ఆ కావలికి కన్నుల నమర్చిన పిమ్మటివారు తీర్చిరి. మీలో కొందరు రేపు ఇంజనీరులై వంతెనలును, గొట్టములును, ఓడలును కట్టుదురు. కట్టిన దినమున జరుగు ఉత్సవముతో మీ పని ముగిసెనని తలంపక, దానిపై నడచువారి ప్రాణములు మీ చేతిలో నున్నవని యెంచి, చివరివరకు దానిని కనిపెట్టియుందురు గాక.